సౌత్ సూడాన్ పోస్టింగ్ వచ్చింది. దిగగానే ఎలా ఉంటుంది? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

సిక్కోలు_జవాన్
మా బెటాలియన్‌కి యూఎన్ మిషన్ పడింది, సౌత్ సూడాన్. ఢిల్లీలో ట్రైనింగ్ ఉంటుంది, టీకాలు వేస్తారు, నీలం టోపీ ఇస్తారు, ఇవన్నీ తెలుసు. నాకు కావాల్సింది వేరే. ఊళ్లో ఎవరిని కదిపినా "ఫారిన్ పోతున్నావు, డాలర్లే డాలర్లు" అంటున్నారు. ఆ మాట వింటే ఒళ్లు మండుతోంది. ఇంట్లో అమ్మేమో ఫోన్లో ఏవో యుద్ధం వీడియోలు చూసి సరిగ్గా తినడం మానేసింది. అవి సూడాన్‌వి అమ్మా, సౌత్ సూడాన్ 2011లోనే వేరే దేశం అయిపోయింది అన్నా నమ్మదు.
కాశ్మీర్ చేశాను, నాగాలాండ్ చేశాను. దేశం దాటడం మాత్రం ఇదే మొదలు. విమానం దిగగానే ఏం కనబడుతుంది, మొదటి వారం మనసు ఎలా ఉంటుంది, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

మోడరేటర్
అందరికీ ఒక మనవి. యూనిట్ పేరు, ప్రయాణం తేదీలు, ఇప్పుడున్న క్యాంపుల లోపలి వివరాలు ఇక్కడ రాయొద్దు. పాత అనుభవాలు ఎన్నైనా రాయండి.

నైలు_నీళ్లు
తమ్ముడూ, నేను సౌత్ సూడాన్ ఉత్తరాన ఉన్న మలకాల్‌లో చేసి వచ్చాను, ఇప్పుడు పెన్షన్లో ఉన్నాను. తీరిగ్గా రాస్తాను, చదువుకో.
ముందు రాజధాని జూబాలో దిగుతారు. తలుపు తీయగానే వేడి. మన రామగుండం ఎండలు చూసినవాడికి అదేమీ కొత్త కాదు. కొత్తగా అనిపించేది ఎయిర్‌పోర్టు. ఎటు చూసినా తెల్ల విమానాలు, తెల్ల హెలికాప్టర్లు, తెల్ల బండ్లు, అన్నిటి మీదా నల్ల అక్షరాలతో యూఎన్ అని. ఇన్నేళ్లూ మనం ఒంటికి, బండికి, హెల్మెట్‌కి ఆకుపచ్చ పూసుకుని కనబడకుండా తిరగడం నేర్చుకున్నాం. అక్కడ దూరం నుంచే కనబడాలి. ఆ తెల్ల బండెక్కి బయటికి వెళ్తుంటే మొదట్లో ఒళ్లంతా బిగుసుకుపోతుంది. వీపు మీద ఎవరో గురిపెట్టినట్టే ఉంటుంది. అది పోవడానికి చాలా రోజులు పట్టింది నాకు.
తర్వాత చెట్లు చూశాను. వేపచెట్లు! జూబా నిండా వేప, మామిడి. పక్కనే తెల్ల నైలు, మీద గుర్రపుడెక్క తేలుకుంటూ పోతోంది. ఇంతదూరం వచ్చి వేపచెట్టు కింద నిలబడతానని అనుకోలేదు, ప్రాణం కాస్త కుదుటపడింది. చెత్తకుప్పల మీద మారబూ కొంగలుంటాయి, బోడి తల, మనిషి ఛాతీ దాకా ఎత్తు. వాటికి మాత్రం తొందరగా అలవాటు పడలేవు.
అక్కడి నుంచి మలకాల్‌కి మళ్లీ గాల్లోనే. కిందకి చూస్తే గంటసేపు గడ్డి, చిత్తడి, అక్కడక్కడా గుండ్రటి గడ్డి ఇళ్లు. తుకుల్ అంటారు. మన శ్రీకాకుళం, విజయనగరం పాత చుట్టిళ్లు గుర్తొచ్చాయి, నీకూ గుర్తొస్తాయి చూడు.
మట్టి గురించి చెప్పాలి. అంతా నల్లరేగడి. ఎండాకాలం నెర్రెలిచ్చి కాలు ఇరుక్కునేలా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో వానలు మొదలయ్యాయంటే అక్టోబరు దాటేదాకా రోడ్డన్నది ఉండదు. పెద్ద బండి అయినా ఇరుసు దాకా దిగబడిపోతుంది. సామానంతా నైలు మీద బార్జీల్లో, లేదా హెలికాప్టర్లో రావాలి. మ్యాపులో యాభై కిలోమీటర్లు కనబడితే దాన్ని యాభై కిలోమీటర్లనుకోకు.

కడప_కుర్రాడు
అన్నా అద్భుతంగా రాశారు. నేను అగ్నివీర్‌కి ప్రిపేర్ అవుతున్నాను. మలకాల్‌లో మీ డ్యూటీ ఏమిటి?

నైలు_నీళ్లు
అసలు విషయం అదే బాబూ, చెప్పబోతూ ఆగాను. 2013 డిసెంబరులో అక్కడ అంతర్యుద్ధం మొదలైంది. ప్రెసిడెంటు సల్వా కీర్ మనుషులకీ, వైస్ ప్రెసిడెంటుగా తీసేసిన రియెక్ మచార్ మనుషులకీ. జనం ప్రాణాలు అరచేత పట్టుకుని యూఎన్ క్యాంపుల గేట్ల దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. గేట్లు తెరిచారు. అలా వచ్చినవాళ్లు వేలకు వేలు, క్యాంపు పక్కనే టార్పాలిన్ల కింద ఏళ్ల తరబడి ఉండిపోయారు. మిగతా చోట్ల ఆ శిబిరాలను 2020 తర్వాత అక్కడి ప్రభుత్వానికి అప్పజెప్పారు, మలకాల్‌ది మాత్రం అలాగే కొనసాగింది.
మనం ఆ శిబిరం చుట్టూ కాపలా. మొదటి రాత్రి టవర్ మీద సంత్రీ డ్యూటీ చేస్తూ చూశాను. ఒకవైపు మన లైట్లు, జనరేటర్ మోత. కంచె అవతల అంతా చీకటి, ఆ చీకట్లో వేలమంది. పసిపిల్లలు దగ్గుతున్న చప్పుడు తెల్లవార్లూ వినబడుతూనే ఉంది. నేను చూసిన ఏ పోస్టులోనూ జనం ఇంత దగ్గరగా పడుకుని లేరు. అక్కడ మన వెనక దేశం లేదు, సరిహద్దు లేదు, వీళ్లే ఉన్నారు అన్నది ఆ రాత్రే నాకు అర్థమైంది.

ఫౌజీ_ఇల్లాలు
అన్నయ్యా, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ చేయలేకపోయాను. మా ఆయన కూడా అక్కడే చేశారు, ఇంటికి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. ఫోన్ చేస్తే "బాగుంది, తిన్నాను, పిల్లలేం చేస్తున్నారు" అంతే.
సిక్కోలు తమ్ముడూ, అమ్మగారికి నువ్వే అన్నీ చెప్పు. చెప్పకపోతే వాళ్లు ఊహించుకునేది ఇంకా ఘోరంగా ఉంటుంది. టైము సంగతి కూడా ఇప్పుడే చెప్పి ఉంచు. జూబాలో 2021 ఫిబ్రవరిలో గడియారం ఒక గంట వెనక్కి పెట్టారు, అప్పటి నుంచి మనకీ వాళ్లకీ తేడా మూడున్నర గంటలు. నువ్వు రాత్రి తొమ్మిదికి రోల్ కాల్ అయ్యాక చేస్తే ఇక్కడ అర్ధరాత్రి దాటుతుంది. రోజూ ఆమె మేలుకుని కూర్చుంటుంది. మధ్యాహ్నం భోజనం వేళ ఒక టైము పెట్టుకో. నెట్ లేకపోతే రెండు రోజులు ఫోన్ రాదు, భయపడొద్దు అని ముందే చెప్పు.

కివు_గట్టు
నైలు అన్న చెప్పింది సౌత్ సూడాన్ వరకే. ఆఫ్రికా అంతా ఎండ, బురద అనుకోకండి దయచేసి. నేను కాంగోలో చేశాను, నార్త్ కివు అనే రాష్ట్రంలో, గోమా అనే ఊళ్లో. భూమధ్యరేఖకి రెండు డిగ్రీలు కూడా దూరం లేదు, అయినా సాయంత్రం స్వెట్టర్ కావాలి. ఊరు పదిహేను వందల మీటర్ల ఎత్తున ఉంది. ఏడాది పొడుగునా ఆరింటికి తెల్లారుతుంది, ఆరింటికి చీకటి పడుతుంది.
దిగగానే నాకు కనబడింది నల్లరాయి. రోడ్డు నల్లరాయి, గోడలు నల్లరాయి, ఎయిర్‌పోర్టు పక్కన గుట్టలు గుట్టలుగా నల్లరాయి. అదంతా లావా. నైరగొంగో అనే అగ్నిపర్వతం ఊరికి ఆనుకునే ఉంది. 2002 జనవరిలో పేలినప్పుడు లావా ఊరి మధ్య నుంచి పారి రన్‌వేలో మూడో వంతు మింగి కివు సరస్సులో పడింది. 2021 మేలో మళ్లీ పేలింది. మా టైములో రాత్రిళ్లు కొండ మీద మేఘాలు ఎర్రగా కనబడేవి. సీనియర్లు మొదటి రోజే చెప్పారు, పల్లంగా ఉన్న గుంటల్లో కూర్చోవద్దు, పడుకోవద్దని. నేలలోంచి కార్బన్ డయాక్సైడ్ వచ్చి అక్కడ నిలిచిపోతుంది, మేకలు చచ్చిపోతుంటాయి.
ఇంకా చుకుడు బండ్లు. చెక్కతో చేసిన పెద్ద స్కూటర్, ఇంజను ఉండదు. దాని మీద బొగ్గు బస్తాలు, బంగాళాదుంపలు వేసుకుని కొండ దిగుతూ వస్తుంటారు కుర్రాళ్లు. ఊరి కూడలిలో దానికి బంగారు రంగు విగ్రహం కూడా పెట్టారు. కష్టం చేసేవాడి బండికి విగ్రహం పెట్టిన ఊరంటే నాకు మొదటి రోజే గౌరవం కలిగింది.

నైలు_నీళ్లు
@కివు_గట్టు నిజమే. మాకు స్వెట్టర్ ఇచ్చి పంపారు, మూట విప్పనే లేదు.

కడప_కుర్రాడు
అందమైన సరస్సు, చల్లటి గాలి. అయితే కాంగో మిషన్ హాలిడేలా ఉంటుందన్నమాట.

కివు_గట్టు
అలా అనకు తమ్ముడూ. 2012 నవంబరులో ఎం23 తిరుగుబాటుదారులు అదే గోమాని పట్టుకున్నారు. 2025 జనవరిలో మళ్లీ పట్టుకున్నారు. 2022 జులైలో అదే నార్త్ కివులోని బుటెంబోలో బీఎస్ఎఫ్ జవాన్లు ఇద్దరు చనిపోయారు, అదీ యూఎన్ వెళ్లిపోవాలని జనం చేస్తున్న ఆందోళనల్లో. మనం ఎవర్ని కాపాడ్డానికి వెళ్లామో ఆ జనానికే మన మీద కోపం ఉండొచ్చు. అక్కడి కుర్రాళ్లు నన్ను అడిగేవారు, మీరు ఇన్నేళ్లుగా ఇక్కడున్నారు, మా ఊళ్లు ఎందుకు తగలబడుతున్నాయి అని. ఈసారి యూఎన్ అక్కడికి వెళ్లింది 1999లో. వాళ్ల ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

పల్టన్_బాబాయ్
మీరంతా నీలం టోపీవాళ్లు. నేను శ్రీలంక వెళ్లాను. 1987 జులై 29న కొలంబోలో ఒప్పందం జరిగితే మర్నాడే మన దళాలు జాఫ్నా దగ్గర పలాలిలో దిగడం మొదలుపెట్టాయి. కాస్త వెనకగా మేమూ చేరాం. ఎక్కడ దిగుతున్నామో చాలామందికి సరిగ్గా తెలియదు, మ్యాపులు కూడా సరిపడా లేవు.
బయటికి వస్తే తాటిచెట్లు. బాపట్ల పక్కన పుట్టినవాణ్ణి, పరాయి దేశం వచ్చానని అనిపించలేదు. జనం రోడ్డు పక్కన నిలబడి దండలు వేశారు. ఆడవాళ్లు మంచినీళ్లు, కొబ్బరిబొండాలు ఇచ్చారు. ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు, ఇక మా పిల్లలు బతుకుతారు అని. వచ్చీరాని అరవంలో నేనూ ఏదో చెప్పాను. అంత పేరు నాకు మా ఊళ్లోనూ రాలేదు.
అక్టోబరు వచ్చేసరికి అదే రోడ్ల మీద మందుపాతరలు పేలాయి. జాఫ్నా కోసం ఎల్టీటీఈతో ఇంటింటికీ పోరాడాల్సి వచ్చింది. 1990 మార్చిలో చివరి ఓడ బయల్దేరేసరికి మనవాళ్లు పదకొండు వందల మందికి పైగా పోయారు. అక్కడి మామూలు జనం ఎంతమంది పోయారో, ఆ నీళ్లిచ్చిన చేతులు ఏమయ్యాయో.
అందుకే చెప్తున్నాను సిక్కోలు అబ్బాయ్. మొదటి వారం చూసినదాన్ని బట్టి మనుషుల మీద, ఊరి మీద తీర్పు చెప్పేసుకోకు. నవ్వినవాడు స్నేహితుడని అనుకోకు, మొహం తిప్పుకున్నవాడు శత్రువనీ అనుకోకు. నేల చూడు, దారులు చూడు, సంత ఏ రోజు, జనం ఏ వేళకి బయటికి వస్తారు, ఏ వేళకి లోపలుంటారు, అవి చూడు. సంత రోజున సంత ఖాళీగా ఉందంటే అప్పుడు జాగ్రత్త పడు.

చరిత్ర_పురుగు
బాబాయ్ గారు చెప్పినదానికి దండం. కానీ ఒక తేడా చెప్పాలి. శ్రీలంకకి వెళ్లింది యూఎన్ కింద కాదు, రెండు ప్రభుత్వాల ఒప్పందం మీద మన సైన్యమే వెళ్లింది. యూఎన్ మిషన్లలో మన చరిత్ర ఇంకా పాతది. 1950లో కొరియాకి 60 పారా ఫీల్డ్ ఆంబులెన్స్ వెళ్లింది. 1956లో సూయెజ్ దగ్గరికి, 1960లో కాంగోకి వెళ్లాం. ఆ కాంగోలోనే 1961 డిసెంబరు 5న ఎలిజబెత్‌విల్‌లో కెప్టెన్ గుర్‌బచన్ సింగ్ సలారియా పోరాడి చనిపోయారు, పరమవీరచక్ర ఇచ్చారు. ఇప్పుడా ఊరి పేరు లుబుంబాషి.
మన తెలుగువాళ్లు దేశం దాటి వెళ్లడం కూడా ఇవాళ్టిది కాదు. తాడేపల్లిగూడెం పక్కన మాధవరం ఉంది కదా, మిలటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచయుద్ధాలకూ ఆ ఊరి నుంచి వెళ్లారు, స్తూపం మీద పేర్లుంటాయి. ఓడ దిగి మొదటి రోజు వాళ్లేం చూశారో, ఏమనుకున్నారో రాసినవాళ్లు కనబడరు. అందుకే ఇలాంటి చర్చలు నాకు విలువైనవి. రాయండి అందరూ, ఎంత చిన్న విషయమైనా.

పల్టన్_బాబాయ్
యూఎన్ అయితే ఏమిటి, కాకపోతే ఏమిటి నాయనా. తూటాకి టోపీ రంగు తెలుస్తుందా?

నైలు_నీళ్లు
బాబాయ్ మాట నిజం. సౌత్ సూడాన్‌లోని జొంగ్లే రాష్ట్రంలో గుమురుక్ దగ్గర 2013 ఏప్రిల్ 9న మన కాన్వాయ్ మీద మాటు వేసి కొట్టారు, అయిదుగురు మనవాళ్లు పోయారు. అదే ఏడాది డిసెంబరులో అకోబోలో చిన్న బేసులో తలదాచుకున్న జనాన్ని చంపడానికి మూక లోపలికి దూసుకొచ్చింది. అక్కడ ఇద్దరు మన సైనికులు ప్రాణాలిచ్చారు. మాకు మొదటి వారంలోనే వాళ్ల గురించి చెప్పారు, పేర్లు చదివి వినిపించారు. నాకు తెలిసి ఆ మిషన్ గురించి ముందు తెలుసుకోవాల్సింది అదే.
కానీ సిక్కోలు తమ్ముడూ, ఇది అమ్మకి ఎలా చెప్పాలో నువ్వే ఆలోచించుకో.

ఫౌజీ_ఇల్లాలు
అన్నీ చెప్పమన్నాను కదా, నా మాట మీదే ఉన్నాను. ఇది కూడా చెప్పాలి. ఫోన్లో కాదు, వెళ్లేముందు ఎదురుగా కూర్చుని.

బొబ్బిలి_హవల్దార్
డాలర్ల మాటకి కోపం వచ్చిందన్నావు. నేను ఒప్పుకోను తమ్ముడూ. నేను వెళ్లింది దేశసేవకే, అయితే యూఎన్ డ్యూటీకి వచ్చిన అలవెన్సుతోనే నాన్న చేసిన అప్పు తీర్చాను, చెల్లెలి పెళ్లి చేశాను. అందులో సిగ్గుపడాల్సింది ఏముంది? ఊళ్లోవాళ్లు తెలియక అంటారు, వదిలెయ్. నువ్వు మాత్రం ఆ డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో ఇప్పుడే రాసుకుని వెళ్లు. తిరిగొచ్చాక చుట్టాలు రాసిస్తారు లేకపోతే.

సిక్కోలు_జవాన్
బొబ్బిలి అన్నా, మీరన్నది కూడా న్యాయమే. నాన్న లేరు, ఇల్లు సగం కట్టి ఆపాం. డబ్బు మాట అంటే నొప్పి ఎందుకంటే, వెళ్లేది దానికోసమే అన్నట్టు మాట్లాడుతున్నారు.
పిల్లల గురించి ఎవరైనా చెప్పండి. ఆకలితో బండి వెనక పరుగెత్తుతారట కదా. బిస్కెట్లు పట్టుకెళ్దామని ఉంది.

నైలు_నీళ్లు
వద్దు. కదిలే బండిలోంచి ఏదీ విసరొద్దు. గట్టి ఆర్డరు ఉంటుంది, కారణం ఉంది. ఒకసారి విసిరితే మర్నాటి నుంచి ప్రతి తెల్ల బండి ముందుకీ పిల్లలు దూకుతారు, చక్రాల కింద పడతారు.

అనంత_రేఖ
నేను సైన్యంలో లేను, టీచర్ని. ఇది చదువుతుంటే బాధగా ఉంది. ఆకలిగా ఉన్న పిల్లకి చేతిలో ఉన్న బిస్కెట్ ఇవ్వకుండా ఎలా ఉంటారండీ?

నైలు_నీళ్లు
ఉండలేమమ్మా. మొదటి వారం అన్నిటికన్నా కష్టమైంది అదే నాకు. లంగర్లో, అంటే మన వంటశాలలో, కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. కానీ ఇచ్చే పద్ధతి వేరే ఉంది. బెటాలియన్ తరఫున పాఠశాలలకి, ఆసుపత్రికి పద్ధతిగా ఇస్తారు, వరుసలో నిలబెట్టి, పెద్దవాళ్లతో మాట్లాడి. అలాంటి పనికి నేను చెయ్యెత్తి ముందుకెళ్లేవాణ్ణి.

వెట్_కోర్
ఇక్కడ నా వంతు. నేను మన వెటర్నరీ బృందంతో వెళ్లాను. సౌత్ సూడాన్‌లో ఆవులంటే డబ్బు, పరువు, పెళ్లి, అన్నీ. డింకా, న్యూర్, ముండారీ, ఏ తెగవాళ్లైనా సరే, పెళ్లికి ఆవుల్లోనే ఇచ్చిపుచ్చుకుంటారు. ఆ కొమ్ములు చూడాలి మీరు, మనిషి చేతులు చాపినా అందవు! మా ఇంట్లో ఒంగోలు ఎడ్లు ఉండేవి. వాటిని చూసి పెరిగిన నేనే ఆ మందని చూసి నోరు తెరిచి నిలబడిపోయాను. పొద్దున్నే పేడ కాల్చిన బూడిద ఒళ్లంతా పూసుకుంటారు, ఆవులకీ పూస్తారు, దోమలు ఈగలు వాలకుండా. తెల్లటి బూడిదలో పొడుగాటి మనుషులు, భుజాన ఏకే రైఫిల్. మొదటిసారి చూస్తే గుండె ఝల్లుమంటుంది.
క్యాంపు పెట్టి పశువులకి మందులు, సూదులు వేయడం మొదలుపెట్టాం. తుపాకి చెట్టుకి ఆనించి, ఆవుని పట్టుకోవడానికి వాళ్లే వచ్చారు. జబ్బు చేసిన దూడని ఎత్తుకొచ్చిన ముసలాయన నాకు గుర్తున్నాడు. నుదుటి మీద ఆరు గీతలు, న్యూర్ మగవాళ్లకి ఉంటాయి. దూడ లేచి నిలబడింది, ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు. ఆ మనుషుల్ని ఇష్టపడటానికి నాకు ఇంకేమీ అవసరం రాలేదు. పశువుల పని తెలిస్తే నీకు అక్కడ సగం ఊరు చుట్టమే, సిక్కోలు తమ్ముడూ.

సిక్కోలు_జవాన్
మాకు గేదెలున్నాయి అన్నా, పాలు పితకడం వచ్చు! ఇంతవరకూ చదివినవాటిలో మనసు తేలికపడింది దీంతోనే.

కడప_కుర్రాడు
ఆడవాళ్లు కూడా వెళ్తారా? మా అక్క సీఆర్పీఎఫ్‌కి ప్రిపేర్ అవుతోంది.

చరిత్ర_పురుగు
వెళ్తారు. 2007లో లైబీరియాకి అందరూ మహిళలే ఉన్న పోలీసు బృందాన్ని పంపింది మన దేశమే, ప్రపంచంలో అదే మొదటిది. వాళ్లు సీఆర్పీఎఫ్ వాళ్లే. 2023 జనవరిలో సూడాన్, సౌత్ సూడాన్ మధ్యనున్న అబ్యేకి ఆర్మీ మహిళల ప్లటూన్ వెళ్లింది. మీ అక్కకి చెప్పు.

బొబ్బిలి_హవల్దార్
తిండి గురించి ఎవరూ రాయలేదే. రేషన్ యూఎన్‌ది, వంట మన లంగర్‌ది. ఫ్రీజర్ చికెన్, డబ్బా కూరగాయలు, గుడ్లు, పళ్లరసం, కొదవ ఉండదు. కారం ఉండదు! యూనిట్‌లో తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో చూసుకుని ఆవకాయ పంచుకుని పట్టుకెళ్లండి, ఒక్కడే మోయొద్దు. ప్లాస్టిక్ సీసా వాడు, మూతకి టేపు చుట్టు, రెండు కవర్లలో పెట్టు. మా వాడి సీసా గాల్లో ఉండగా కారింది. కొత్త యూనిఫామ్, నీలం టోపీ, అన్నీ ఎరుపే. ఆ వాసనకి మలయాళీలు, గఢ్‌వాలీలు కూడా వచ్చి అతని చుట్టూ చేరారు.

కివు_గట్టు
ఆవకాయకి తోడు కంది పొడి. నూనె లేదు, కారదు, బరువు తక్కువ. లంగర్ అన్నంలోకి అదే దేవుడు.

డాక్టర్_ఏఎంసీ
ఇప్పుడు నా మాట వినండి, ఆవకాయకన్నా ముఖ్యం. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు పడాలి. టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు పాస్‌పోర్టుతోపాటే ఉంచుకోండి. ఒకసారి వేసుకుంటే జీవితాంతం చెల్లుతుంది, 2016 నుంచి నిబంధన మారింది.
అసలు శత్రువు మలేరియా. అక్కడ ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం రకం, మెదడుకి ఎక్కితే ఒకటి రెండు రోజుల్లో మనిషిని తీసుకెళ్తుంది. అది రాకుండా ఇచ్చే మాత్ర మొదటి వారం అందరూ వేసుకుంటారు. దోమ కనబడటం లేదని తర్వాత మానేస్తారు, అక్కడే వస్తుంది ముప్పు. సాయంత్రం అయిందంటే చేతులు, కాళ్లు కప్పుకోండి, దోమతెర పరుపు కిందికి దోపండి. జ్వరం వస్తే ఎండదెబ్బ అనుకుని పడుకోవద్దు, అదే గంటలో రక్తం పరీక్ష చేయించుకోండి.

సిక్కోలు_జవాన్
అందరికీ చేతులెత్తి దండం. ఇదంతా అమ్మకి చదివి వినిపిస్తున్నాను, మధ్యలో ఆపి ఆ దూడ బతికిందా అని రెండుసార్లు అడిగింది. అకోబో గురించి కూడా చదివాను. చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత వాళ్ల అమ్మల గురించి అడిగింది.
నల్లరేగడి అన్నారు కదా, బూట్ల సంగతి ఏమిటి? డాక్టర్ గారూ, మాత్రలు ఎప్పటిదాకా వేసుకోవాలి? తిరిగొచ్చిన రోజుతో అయిపోతుందా?

వెట్_కోర్
@సిక్కోలు_జవాన్ దూడ బతికింది, అమ్మగారికి చెప్పు.

నైలు_నీళ్లు
ఇచ్చే బూట్లు సరిపోతాయి. వానాకాలానికి మోకాలిదాకా వచ్చే గమ్‌బూట్లు ఒక జత, మేజోళ్లు ఎక్కువ జతలు తీసుకెళ్లు. తడి ఆరదు, వేళ్ల మధ్య పాచిపోతుంది. పొడి కూడా పెట్టుకో.

డాక్టర్_ఏఎంసీ
అయిపోదు. డాక్సీసైక్లిన్ అయినా, మెఫ్లోక్విన్ అయినా ఇంటికి వచ్చాక ఇంకా నాలుగు వారాలు వేసుకోవాలి. ఆ తర్వాత కొన్ని నెలల వరకూ ఎప్పుడు జ్వరం వచ్చినా, ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా, ఆఫ్రికా నుంచి వచ్చానని ముందుగా ఆ మాటే చెప్పు. మన ఊళ్లో డాక్టర్‌కి అది తట్టకపోవచ్చు.